ద్వితీయ శ్రేణి వీపు

‘ముఖము అనగా నుదుటి మీది జుట్టు మొదలు గడ్డము చివర వరకు, ఒక చెవి మొదలు రెండవ చెవి వరకు గల సమస్త ప్రదేశము. కళ్లు, ముక్కు, నోరు, మీసము (ఉన్నచో) ఇందులో అంతర్భాగములు.’

ఈ వాక్యం రాసింది నేనే. నవ్వకండి. రాసిన రోజున మహా గొప్పగా ఉందనుకున్నాను. ‘ఉన్నచో’ అన్న మాట తట్టినందుకు ఆ పూట రెండోసారి కాఫీ అడిగి మరీ తాగాను. అందరికీ మీసాలుండవు కదా, రేపు ఎవరైనా కోర్టుకెక్కితే? ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన వాడికి ఇలాంటి జాగ్రత్తలు ఊపిరి తీసుకున్నంత సులువుగా వస్తాయి. నా పేరు భానుమూర్తి. ఊరి పేరు చెప్పను. చెబితే మా బొమ్మల కేంద్రం వాళ్లు నా మీద ఇంకో మెమో వేస్తారు.

అసలు బొమ్మల గొడవ నా పెళ్లిచూపులనాడు మొదలైంది. “అబ్బాయికి ఏమన్నా అలవాట్లున్నాయా?” అని మా మావగారు అడిగారు. ఆయన అడిగింది సిగరెట్ల సంగతి. నేను గొప్పకి పోయి “బొమ్మలేస్తానండీ” అనేశాను. నా బొమ్మలంటే స్కేలు పెట్టి రిజిస్టర్లో మార్జిన్లు కొట్టడమే. తలుపు వెనక నుంచి హైమవతి ఆ మాట విన్నది. పెళ్లయిన వారానికే “నా బొమ్మ వెయ్యరూ?” అంది. “తీరిగ్గా వేస్తాను” అన్నాను. ఆ తీరిక దొరకడానికి ముప్ఫై ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ మధ్య హైమకి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. నన్ను కూడా గొంతుని బట్టే గుర్తుపడుతోంది. డిసెంబర్లో ఆపరేషన్ చేద్దామన్నాడు డాక్టరు. ఆసుపత్రి నుంచి రిక్షాలో వస్తూ, “కళ్లొచ్చాక మీరేసిన నా బొమ్మ చూడాలి. ఇంకెప్పుడు వేస్తారు, నేను పోయాక దండెయ్యడానికా?” అంది. నవ్వుతూనే అంది గానీ నాకు ఎక్కడో తగిలింది.

మర్నాడే వెళ్లి క్లాసులో చేరాను. పాత టౌను హాలు మేడ మీద పెద్దవాళ్లకి బొమ్మలు నేర్పే చోటు అది. బోర్డు మీద మాత్రం ‘వయోజన చిత్రకళా నైపుణ్యాభివృద్ధి కేంద్రము’ అని ఉంటుంది. ఆ బోర్డు రాసిన మస్తాన్ గారే మాకు మాస్టారు. ఒకప్పుడు సినిమా హాళ్ల ముందు నలభై అడుగుల హీరోల మొహాలు వేసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చాక ఆటోల వెనక సీతాకోకచిలకలు వేస్తూ బతికాడు.

మొదటి రోజు ఆయన ఒక్కటే మాట చెప్పాడు. “చెయ్యి సంగతి నేను చూసుకుంటాను సార్. మీరు కళ్లు తెచ్చుకోండి, చాలు. ఎదురుగా ఏముందో చూడండి, అదే వెయ్యండి.”

ఆ రోజు మా ఎదురుగా ఉన్నది కేంద్రం ప్రత్యేకాధికారి ప్రభాకరం గారు. ప్రారంభోపన్యాసం ఇస్తున్నారు. నా పక్కన కూర్చున్న పైడిరాజు, ముప్ఫయ్యేళ్లు బస్సు తోలి రిటైరైన డ్రైవరు, చూసింది చూసినట్టు ఆయన్నే వేసేశాడు. నిజం చెప్పొద్దూ, ముక్కు అచ్చు గుద్దినట్టు వచ్చింది. “భలే! మనిషి దిగిపోయాడు” అన్నాడు మస్తాన్ గారు. దాంతో కొంప మునిగింది. ఉపన్యాసం ఆపి ప్రభాకరం గారు ఆ కాగితం అందుకుని చూశారు. చేత్తో తన ముక్కు తడుముకున్నారు. మళ్లీ కాగితం చూశారు.

సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు.

“భానుమూర్తి గారూ, నైపుణ్యరహితులైన వ్యక్తులు ముఖముల జోలికి పోవడం వలన సంస్థాగత గౌరవానికి భంగం వాటిల్లే ప్రమాదం పొంచి ఉన్నది. ఎవరు ఏ దశలో ఏమి చిత్రించవచ్చునో శ్రేణుల వారీగా ఒక సమగ్ర విధివిధానం ఉండి తీరాలి. తమరు అనుభవజ్ఞులు.”

అనుభవజ్ఞులు! రిటైరయ్యాక నన్ను ఆ మాట అన్నవాడు లేడు. ఇంట్లో నాతో మాట్లాడే మాటలన్నీ “మోటారు కట్టేశారా?” దగ్గర మొదలై “కట్టలేదూ!” దగ్గర ఆగిపోతాయి. నేను ఉబ్బి తబ్బిబ్బయిపోయాను. మూడు రోజులు కుంచె ముట్టకుండా ఇంట్లో కూర్చుని పద్నాలుగు పేజీలు రాశాను. ప్రథమ శ్రేణి వారు ప్రాణము లేని, కదలని వస్తువులు వేయవచ్చు. ద్వితీయ శ్రేణి వారు మనుషులను వెనుక నుండి మాత్రమే వేయవచ్చు. తృతీయ శ్రేణిలో పక్క నుండి, చతుర్థ శ్రేణిలో ఎదుటి నుండి. ఒక్కో శ్రేణికి నాలుగు నెలలు, ఆపైన పరీక్ష. అర్హత లేకుండా కేంద్రము లోపల గాని వెలుపల గాని ముఖము గీసిన వారి సభ్యత్వము రద్దు. చివర ఇరవై మూడో నియమం: ‘ఏ కారణము చేతనైనను, ఎవ్వరికైనను, ఈ నియమముల రూపకర్తకైనను, మినహాయింపు లేదు.’ దాని కింద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర హైమ మజ్జిగ పోస్తూ, “ఎంతవరకు వచ్చింది నా మొహం?” అని అడిగింది.

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఇది జూను. ఎదుటి నుంచి వెయ్యాలంటే మళ్లీ జూను రావాలి. ఆపరేషన్ డిసెంబర్లో.

“వస్తోంది” అన్నాను. ఎంత సిగ్గులేని ముండావాణ్ణో చూడండి.

మర్నాడు పరిగెత్తుకెళ్లి ప్రభాకరం గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. మా ఆవిడ మొహం ఒక్కటే, ఇంకే మొహం జోలికీ పోనన్నాను. ఆయన నా ముసాయిదా తీసి, కళ్లజోడు సవరించుకుని, ఇరవై మూడో నియమం పైకి చదివారు. చదివి ఊరుకున్నారా? “రూపకర్తకైనను! ఆహా, ఎంత పకడ్బందీగా రాశారండీ! ఇలా ఆత్మనిగ్రహంతో రాసేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు!” అన్నారు. ఆ పరిస్థితిలో కూడా ఆ మెచ్చుకోలు నా చెవికి ఇంపుగానే వినిపించింది. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను.

అలా ప్రథమ శ్రేణిలో పడ్డాను. ముంతలు, గొడుగులు, తాళం కప్పలు. పైడిరాజు బస్సు వేస్తానన్నాడు. బస్సు కదిలే వస్తువా, కదలని వస్తువా అన్న దాని మీద ఫైలు నడిచింది. ఆగి ఉన్న బస్సు ప్రథమ శ్రేణి, పోతున్న బస్సు తృతీయ శ్రేణి అని తేలింది. డ్రైవరు సీట్లో మనిషి కనపడితే మాత్రం చతుర్థ శ్రేణి. “ఏటి బాబూ ఇది! ముప్పయ్యేళ్లు నేను తోలిన బస్సులోంచి నన్నే దింపేసినారు!” అని పైడిరాజు నా మొహంలోకి చూశాడు. నేను తాళం కప్ప మీదికి వంగిపోయాను.

సెప్టెంబర్లో పరీక్ష. నాకు ఇత్తడి చెంబు ఇచ్చారు. ఎవరో దాన్ని చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి తెచ్చారు. ఎదురుగా ఉన్నదే వెయ్యమన్నారు కదా అని నేను చెంబుని ఒళ్లు దగ్గర పెట్టుకుని చూశాను. చెంబు బొజ్జ మీద నా బట్టతల, నా కళ్లు, సాగిపోయిన నా నోరు, అన్నీ ఉన్నాయి. చూసింది చూసినట్టు వేశాను. నాకే ముచ్చటేసింది.

వారానికి మెమో వచ్చింది. ‘ప్రథమ శ్రేణి అభ్యర్థియగు తమరు చెంబు మాటున ఒక ముఖమును, అదియును తమ స్వంత ముఖమును, గీసియున్నట్లు ధ్రువపడినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.’ ఆ వాక్యం నాదే. మెమో నమూనా కూడా నేనే రాసిచ్చాను. చెంబు అబద్ధం చెప్పదని సంజాయిషీ రాసి, మట్టి ముంతతో మళ్లీ పరీక్ష రాసి గట్టెక్కాను.

కథ అక్కడితో ఆగలేదు. మెరిసే పాత్రలన్నీ అటకెక్కాయి. నీళ్లగదిలో అద్దం కూడా ప్రతిబింబానికి ఆస్కారమిచ్చేదే గనక దాని మీద న్యూస్ పేపరు అంటించారు. ఆ పేపర్లో ఫొటోలున్నాయని ఎవరో ఎత్తిచూపితే, అది పీకేసి షేర్ల ధరల పేజీ అంటించారు. అక్టోబరు నాటికి మా కేంద్రంలో మొహమనేది కేవలం మా భుజాల మీదే మిగిలింది.

అసలు ఘోరం ఆ తర్వాత జరిగింది. నా తొమ్మిదో నియమం ప్రకారం ఆవరణలో కుంచె పట్టే ప్రతి వ్యక్తికీ సర్టిఫికెట్లని బట్టి శ్రేణి నిర్ణయించాలి. ‘ప్రతి వ్యక్తి’ అని రాశాను గానీ మాస్టారు కూడా వ్యక్తే అని నా బుర్రకి తట్టలేదు. మస్తాన్ గారికి ఒక్క సర్టిఫికెట్టూ లేదు. హాళ్ల గోడల మీద వేసిన మొహాలు వానకి కరిగిపోయాయి. ఆయన్ని ప్రథమ శ్రేణిలో పెట్టారు. నలభై అడుగుల మొహాలేసిన మనిషి బోర్డు మీద కన్ను గీసి చూపించడానికి వీల్లేదు. అంతే కాదు, చతుర్థ శ్రేణి పరీక్ష పెట్టేవాడు చతుర్థ శ్రేణి వాడే అయ్యుండాలి. అలాంటి వాడు మా కేంద్రంలో లేడు. కాబట్టి ఇక ఎప్పటికీ ఎవడూ ఆ శ్రేణి దాటలేడు.

నాకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లి, “మాస్టారూ, ఇదంతా నా చేతి చలవే. నన్ను నాలుగు తిట్టండి” అన్నాను.

ఆయన కుంచెలు కడుక్కుంటూ, “పోనీలెండి సార్. వీపు కూడా మనిషిదే కదా. సరిగ్గా చూస్తే అదీ మాట్లాడుతుంది. ముందు మీరు వీపు వెయ్యండి” అన్నాడు.

అప్పటికి నేను ద్వితీయ శ్రేణికి వచ్చాను. సరే, హైమనే వెనక నుంచి వేద్దామనుకున్నాను. విచిత్రమేమిటంటే, ఆమెని నిలబడమని అడగాల్సిన అవసరమే రాలేదు. హాల్లో నా కుర్చీ ఉంది. పొద్దున్నా సాయంత్రం నేను అందులోనే కూర్చుని పేపరు చదువుతాను. తలెత్తితే వంటింటి గుమ్మం, పొయ్యి దగ్గర హైమ. పేపరు బదులు అట్ట ఒళ్లో పెట్టుకున్నాను. చెయ్యి దానంతటదే పోయింది. ముడిలో వంకరగా గుచ్చిన పిన్ను. జాకెట్టు ఎడమ కుట్టు దగ్గర వేరే రంగు దారం. నడుంలో దోపిన కొంగు. పోపుల డబ్బా అందుకోవడానికి పైకి సాచిన కుడిచెయ్యి, దానితోపాటు నేల మీంచి రవ్వంత లేచిన ఎడమ మడమ. ఇవన్నీ నాకు ఎప్పణ్ణుంచో తెలిసినట్టే వచ్చేశాయి.

మస్తాన్ గారు ఆ బొమ్మ చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. “సార్, ఇది చూసి వేసిన బొమ్మ” అన్నాడు. నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం కళ్లు మూసుకుని, హైమ మొహం ఎలా ఉంటుందో గుర్తుతెచ్చుకుందామని చూశాను. కళ్లజోడు వచ్చింది. బొట్టు వచ్చింది. ఆ రెంటికీ మధ్య ఏముందో ఎంతకీ రాలేదు. అది నాలుగో శ్రేణి పాఠం కదా, అప్పుడు చూసుకుందాంలే అని కళ్లు తెరిచేశాను. నియమాలు రాసినందుకు ఆ ఒక్కరోజూ నన్ను నేను మెచ్చుకున్నాను.

డిసెంబర్లో ఆపరేషన్ బాగా జరిగింది. పట్టీలు విప్పిన రోజున “నా బొమ్మేది?” అంది. “జనవరిలో ప్రదర్శన ఉంది, అక్కడే గోడ మీద చూద్దువుగాని” అన్నాను. ఆ నెల్లాళ్లూ ఇంట్లో ప్రతిదీ కొత్తగా చూసి ఆశ్చర్యపోయింది. గోడల మీద మరకలు చూసింది. గిన్నెల అడుగులు చూసింది. నన్ను కూడా చూసి “ఇంత ముసలాడైపోయారేమిటి!” అంది.

ప్రదర్శనకి రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. హాలు నిండా ముంతలు, తాళం కప్పలు, వీపులు. చేపలమ్మే ఆవిడ వీపు, గుమాస్తా వీపు, పెళ్లిపీటల మీద వధూవరుల వీపులు. నడుమ పైడిరాజు బస్సు, మనిషి లేకుండా. పెద్దాయన ఒక చుట్టు తిరిగి ఆగారు. ఆయన నుదుటి మీద ముడత పడింది.

“ఏమయ్యా, అందరూ నాకు వీపు చూపిస్తున్నారేమిటి?”

మేమంతా ఒకరి వెనక ఒకరం దాక్కున్నాం. ప్రభాకరం గారు మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “ప్రజానీకం ప్రగతిపథంలో ముందుకు సాగిపోతున్నారు సార్. వారిని ప్రోత్సహిస్తూ ప్రభుత్వం వెన్నంటి ఉన్నది. వెన్నంటి ఉన్నవారికి వీపే కదా సార్ దర్శనమిచ్చేది!”

“మరి ఈ బస్సు?”

“స్వయంచాలిత అభివృద్ధి సార్.”

పెద్దాయన కళ్లు చెమర్చాయి. ఈ విధానాన్ని అన్ని జిల్లాల్లోనూ అమలు చేస్తామని అక్కడికక్కడే ప్రకటించారు. ఇంత లోతైన ఆలోచన ఎవరిదని అడిగి, నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. పైడిరాజు చప్పట్లు కొట్టలేదు. మస్తాన్ గారు కొట్టాడు, పాపం. శాలువా అంచులోంచి నేను హాల్లోకి చూశాను. హైమ అప్పటికే తన బొమ్మ ముందు నిలబడి ఉంది. అక్కణ్ణుంచి నాకు ఆమె వీపే కనిపించింది. గోడ మీద ఒకటి, గోడ ముందు ఒకటి, రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

గబగబా దిగి వెళ్లాను. బొమ్మ కింద చీటీ మీద ‘గృహిణి, వెనుక నుండి. ద్వితీయ శ్రేణి’ అని ఉంది.

“జాకెట్టు కుట్టు కూడా వేశారే” అంది.

“చూశావా మరి!” అన్నాను, శాలువా సర్దుకుంటూ.

“నాకు మడమ లేస్తుందా? నాకే తెలీదు.”

“పోపుల డబ్బా అందుకునేటప్పుడు లేస్తుంది. ఎడమది.”

బొమ్మకి ఇంకా దగ్గరగా జరిగింది. బాగా నచ్చిందనుకున్నాను. తర్వాత మెల్లిగా, “నా మొహం వేస్తానన్నారు” అంది.

“వేద్దామనే అనుకున్నాను హైమా. ఏం చెయ్యను, రూలు అడ్డొచ్చింది. ద్వితీయ శ్రేణి వాడు వీపు దాటి...”

“రూలు మొన్న జూన్లో రాశారు” అంది హైమ. “ఆ కుర్చీ ముప్ఫై ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంది.”

ఇరవై మూడు నియమాల్లో ఒక్కటీ ఆదుకోలేదు. శాలువాలో ఒక్కసారిగా ఉక్క పోసేసింది.

ఇంటికొచ్చాక ఆమె కాళ్లు కడుక్కుని తిన్నగా హాల్లోకి వెళ్లి, నా కుర్చీని బరబరా ఈడ్చుకెళ్లి వంటింట్లో కిటికీ పక్కన వేసింది. తను పీట వాల్చుకుని వెలుతురుకి ఎదురుగా కూర్చుంది.

“వెయ్యండి.”

“సభ్యత్వం పోతుందే. ‘లోపల గాని వెలుపల గాని’ అని నేనే రాసి చచ్చాను.”

“పోనివ్వండి. ఆ శాలువా తీసి అవతల పెట్టి కూర్చోండి.”

చచ్చినట్టు కూర్చున్నాను. అట్ట ఒళ్లో పెట్టుకుని పెన్సిలు పట్టుకున్నాను. నుదుటి మీది జుట్టు దగ్గర మొదలుపెట్టి, చెరిపేశాను. మస్తాన్ గారు చెప్పినట్టు, వెయ్యడం మానేసి ముందు చూద్దామనుకున్నాను. కళ్లజోడు లేదిప్పుడు. కనుబొమల్లో ఒకటి రెండోదాని కంటే కొంచెం ఎత్తు. పెదవి చివర, నవ్వు ఆపుకున్నప్పుడల్లా పడి పడి స్థిరపడిపోయిన చిన్న గీత. ఎడమ కంటి కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ.

దగ్గరికి వంగి చూశాను. మరకేమోనని వేలితో తుడిచాను కూడా. పోలేదు.

“హైమా, ఈ మచ్చ ఎప్పుడొచ్చింది?”

ఆ కొత్త కళ్లతో ఆమె నన్ను నిదానంగా చూసింది.

“మీకంటే ముందే వచ్చింది” అంది.